ఆఫీసు సైకిల్‌కి ఫుల్ మడ్‌గార్డులు: టైరుకి రాసుకోకుండా, టకటకలాడకుండా బిగించడం ఎలా

జూన్ వచ్చిందంటే చాలు, నాకు వచ్చే మెసేజీలు రెండే రకాలు. ఒకటి, "అన్నా, ఫుల్ మడ్‌గార్డ్ నా సైకిల్‌కి పడుతుందా?" రెండోది, "బిగించా అన్నా, కానీ స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా టకటకమంటోంది, టైరుకి రాసుకుంటోంది." విడివిడిగా జవాబులు టైప్ చేసి చేసి విసుగొచ్చి మొత్తం ఒకేచోట రాసేస్తున్నా. ఫుల్ మడ్‌గార్డ్ అంటే చక్రం పైభాగాన్ని చాలావరకూ కప్పేసే పొడవాటిది.

నాది అల్యూమినియం హైబ్రిడ్, 700×38 టైర్లు, డిస్క్ బ్రేకులు, ముందు సస్పెన్షన్ లేదు. మియాపూర్ నుంచి గచ్చిబౌలి రోజూ పోయేది దీనిమీదే. అందుకే ఈ కొలతలన్నీ అలాంటి సైకిల్‌ని మనసులో పెట్టుకుని రాశా, మీది వేరే రకం అయితే ఎక్కడెక్కడ తేడా వస్తుందో మధ్యలో చెప్తా.

ముందే ఒక మాట చెప్పేస్తా, మిగతా గొడవంతా దీని చుట్టూనే: బోల్టుతో లాగి మడ్‌గార్డుని లైన్లోకి తేవద్దు. బోల్టు బిగించకముందే అది తనంతట తాను సరిగ్గా కూర్చోవాలి, బోల్టు దాన్ని అక్కడ పట్టుకోవాలంతే. బలవంతంగా లాగి బిగించింది రెండు మూడు నెలలు తిరిగేసరికి అక్కడే పగులుతుంది, నాకు మొదటి సెట్ అలాగే పోయింది.

1. కొనేముందు సైకిల్‌ని చూడండి

చాలామంది ముందు ఆర్డర్ పెట్టేసి తర్వాత సైకిల్ వైపు చూస్తారు. ఆ వరస తిరగేయండి. పది నిమిషాలు సైకిల్ పక్కన కూర్చుని ఇవి చూడండి:

- టైరు పక్కన అచ్చు వేసిన నంబరు. 38-622 అని ఉంటే 38 మి.మీ. వెడల్పు, 622 అంటే 700సి చక్రం. 559 అంటే 26 అంగుళాలు, 584 అంటే 27.5.
- ఫోర్క్ కింద, ఇరుసు పక్కన మరలున్న చిన్న చిల్లులు రెండు వైపులా ఉన్నాయా. వెనక కూడా చూడండి.
- ఫోర్క్ పైన, రెండు కాళ్ళూ కలిసే చోట ముందు నుంచి వెనక్కి చిల్లు ఉందా.
- పెడల్స్ వెనకాల రెండు పైపుల మధ్య ఒక అడ్డం, సీటు కింద బ్రేకు దగ్గర ఇంకో అడ్డం ఉంటాయి. వాటికి చిల్లులున్నాయా.
- ఈ మూడు చోట్లా, అంటే ఫోర్క్ పైన, కింది అడ్డం, పై అడ్డం దగ్గర, టైరుకీ ఫ్రేముకీ మధ్య సందు ఎంత. చూపుడు వేలు హాయిగా దూరితే పని అవుతుంది. పెన్సిలు కూడా ఇరుక్కుంటుందంటే ఫుల్ మడ్‌గార్డు ఆలోచన మానుకోండి, లేదా టైరు సన్నది వేయండి.

సైజు విషయానికొస్తే మడ్‌గార్డు వెడల్పు టైరు కంటే కనీసం 6 నుంచి 10 మి.మీ. ఎక్కువ ఉండాలి. 32 టైరుకి 42 సరిపోతుంది, 38కి 46 నుంచి 50 దాకా, 1.95 అంగుళాల టైరు అంటే దాదాపు 50 మి.మీ. కాబట్టి దానికి 60 ది తీసుకోండి. టైరు మీద రాసిన వెడల్పూ అసలు వెడల్పూ ఒక్కోసారి ఒకటి రెండు మి.మీ. తేడా ఉంటాయి, వెర్నియర్ ఉంటే కొలవండి, లేకపోతే పెద్ద సైజు వైపే మొగ్గండి.

29 అంగుళాల చక్రం, 700సి చక్రం రెండూ 622 ఏ. గుండ్రం సరిపోతుంది, వెడల్పు ఒక్కటే చూసుకోవాలి. షాపులో "29కి ఇది రాదు సార్" అంటే కంగారు పడొద్దు.

2. సస్పెన్షన్ ఫోర్క్ ఉన్నవాళ్ళు ఇక్కడ ఆగండి

మన దగ్గర పదిహేను వేల లోపు సైకిళ్ళలో చాలావాటికి ముందు సస్పెన్షన్ వస్తోంది కాబట్టి ఇది కాస్త వివరంగా చెప్పాలి. ఈ ఫోర్క్‌లో పై భాగం కదలదు, కింది భాగం చక్రంతో పాటు పైకి కిందకి కదులుతుంది. ఇప్పుడు మీరు మడ్‌గార్డు నెత్తిని పై భాగానికి కట్టి, కడ్డీలు (మడ్‌గార్డు పక్కల నుంచి ఇరుసు దగ్గరికి వచ్చే సన్నటి చువ్వలు) కింది భాగానికి బిగించారనుకోండి, మొదటి గుంటలోనే ఒకటి పైకి తోస్తుంది ఒకటి ఆపుతుంది, మడ్‌గార్డు మధ్యలో వంగి టైరు మీద పడుతుంది.

అన్నీ కదిలే భాగానికే ఉండాలి. కింది కాళ్ళు రెండింటినీ కలుపుతూ టైరు మీదుగా ఒక కమాను ఉంటుంది చూడండి, దాని వెనక చిల్లు ఉంటే అక్కడ నెత్తి, కింద ఇరుసు దగ్గర చిల్లులుంటే అక్కడ కడ్డీలు. ఆ చిల్లులు లేకపోతే ముందు ఫుల్ మడ్‌గార్డు జోలికి పోకుండా, ఫ్రేము కింది పైపుకి కట్టే పొట్టి రేకు ఒకటి వేసుకుని వెనక మాత్రం ఫుల్ వేసుకోండి. నా లెక్కలో అది ఓడిపోయినట్టు కాదు, వీపు ఎలాగూ వెనకదే కాపాడుతుంది.

3. సామాన్లు

- అలెన్ కీలు: 3, 4, 5
- 8, 10 నంబర్ పానాలు
- హాక్సా బ్లేడు (ఫ్రేము లేకపోయినా పర్లేదు, ఒక చివర గుడ్డ చుట్టి పట్టుకోవచ్చు), ఆకురాయి
- ఎం5 (5 మి.మీ. లావు) బోల్టులు 12, 16, 20, 25 మి.మీ. పొడవుల్లో తలా నాలుగు, స్టెయిన్‌లెస్‌వి
- ఎం5 వాషర్లు ఇరవై, వెడల్పు వాషర్లు ఆరు, నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగు ఉండి వదులవ్వనివి) ఆరు
- కొంచెం గ్రీజు
- అట్ట ముక్కలు, మార్కర్ పెన్ను, స్కేలు
- అరిగిపోయిన హవాయి చెప్పు ఒకటి (నవ్వకండి, పనికొస్తుంది)
- పాత సైకిల్ ట్యూబ్ ముక్క, నాలుగు కేబుల్ టైలు

మడ్‌గార్డు డబ్బాలో బోల్టులు వస్తాయి కదా అంటారు. వస్తాయి, కానీ మీ సైకిల్‌కి కావాల్సిన పొడవు మాత్రం ఉండదు, ఇది నాకు ప్రతిసారీ జరిగింది. సికింద్రాబాద్ వైపు వాళ్ళయితే రాణిగంజ్‌లో, మిగతావాళ్ళు దగ్గర్లో ఉన్న ఏదైనా నట్లు బోల్టుల కొట్లో "ఎం5 అలెన్ బోల్టు, ఎస్సెస్" అని అడగండి. ఇంకో ఆదివారం మళ్ళీ పోకుండా ఒకేసారి అన్ని పొడవులూ తెచ్చుకోండి.

4. మొదలుపెట్టే ముందు

సైకిల్ కడగండి. బురద మీద కొలతలు తీస్తే ఆ కొలతలు బురదవి.

టైర్లలో గాలి మీరు మామూలుగా తిరిగే ప్రెషర్‌కి నింపండి, గాలి తక్కువున్న టైరు సన్నగా ఉండి సందు ఎక్కువున్నట్టు మోసం చేస్తుంది. చక్రం ఇరుసు స్లాట్‌లో పూర్తిగా కూర్చుందా చూడండి, సైకిల్‌ని నేల మీద నిలబెట్టి క్విక్ రిలీజ్ (చక్రాన్ని పట్టుకునే చేతి లివరు) వదులు చేసి మళ్ళీ బిగిస్తే అదే కూర్చుంటుంది. చక్రం తిప్పి చూడండి, అటూ ఇటూ ఊగుతుంటే ముందు షాపులో స్పోక్స్ సరిచేయించండి. వంకర చక్రానికి తిన్నగా మడ్‌గార్డు బిగించడం ఎవరి వల్లా కాదు.

తర్వాత చిల్లులు. కొత్త సైకిళ్ళలో ఆ మరల్లో పెయింటు నిండిపోయి ఉంటుంది. బోల్టుకి గ్రీజు రాసి చేత్తో తిప్పండి, రెండు చుట్లు లోపలికి, అర చుట్టు వెనక్కి, ఇలా మెల్లగా. పట్టేసినట్టు అనిపిస్తే బలం వాడకండి, అల్యూమినియం మరలు ఒకసారి పోతే మామూలుగా తిరిగి రావు. గ్రీజు తప్పనిసరి ఎందుకంటే స్టీలు బోల్టు, అల్యూమినియం ఫ్రేము, మధ్యలో వాన నీళ్ళు, రెండేళ్ళకి అది వెల్డింగ్ చేసినట్టు అతుక్కుపోతుంది.

5. వెనకది ముందు

ముందు చక్రం సులువని అందరూ అక్కడే మొదలెడతారు. నేను వెనకే మొదలుపెడతా, కష్టమైంది ఓపిక ఉన్నప్పుడే అయిపోవాలి.

వెనక చక్రం తీసేయండి. మడ్‌గార్డుని వెనక నుంచి పైపుల మధ్యలోకి దూర్చి, ముందు కొన పెడల్స్ వెనకున్న కింది అడ్డానికి ఆనించండి. చిల్లు ఉంటే బోల్టు టైరు వైపు నుంచి వస్తుంది కాబట్టి తల పల్చగా ఉన్న బోల్టు, దాని కింద వెడల్పు వాషర్ వేసి రెండు చుట్లు తిప్పి వదిలేయండి. చిల్లు లేకపోతే మడ్‌గార్డు కొనకి రెండు చిన్న చిల్లులు డ్రిల్ చేసి కేబుల్ టైతో అడ్డానికి కట్టుకోవచ్చు, మధ్యలో ట్యూబ్ ముక్క పెట్టండి లేకపోతే పెయింటు పోతుంది. కాల్చిన మేకుతో పొడిచే మాస్టర్లున్నారు, వద్దు, చిల్లు వంకరపోయి అక్కడి నుంచే చీలుతుంది.

ఇప్పుడు పై అడ్డం. మడ్‌గార్డు మీద జారే క్లిప్పు కానీ ఎల్ ఆకారం పట్టీ కానీ ఉంటుంది, దాన్ని చిల్లు దగ్గరికి తెచ్చి బోల్టు వేయండి. ఇదీ వదులుగానే.

చక్రం మళ్ళీ పెట్టండి. చూస్తే సందు ఒకచోట 5 మి.మీ., ఒకచోట 25 ఉంటుంది. మామూలే. కింది అడ్డానికీ మడ్‌గార్డుకీ మధ్య సందు ఉండిపోయిందనుకోండి, ఇక్కడే చాలామంది బోల్టు పొడవుది వేసి లాగి బిగిస్తారు, అదే పగిలే చోటు. దానికి బదులు హవాయి చెప్పు నుంచి రూపాయి బిళ్ళంత ముక్క కోసి, మధ్యలో చిల్లు చేసి, అడ్డానికీ మడ్‌గార్డుకీ మధ్య పెట్టండి. ఒక ముక్క చాలకపోతే రెండు. రబ్బరు కాబట్టి అదురు కూడా తాగేస్తుంది, టకటక సగం ఇక్కడే చస్తుంది.

కడ్డీలు చివరికి. రెండు వైపులా ఇరుసు పక్క చిల్లుల్లో బోల్టులు వేయండి. క్యారియర్ కూడా అదే చిల్లులో ఉంటే, బరువు మోసేది క్యారియర్ కాబట్టి అది ఫ్రేముకి ఆనుకుని లోపల, మడ్‌గార్డు కడ్డీ బయట. బోల్టు 20 లేదా 25ది కావాల్సి వస్తుంది.

గేర్ల వైపు ఒక ప్రమాదం ఉంది. బోల్టు పొడవు ఎక్కువైతే కొన లోపలికి పొడుచుకొచ్చి చైనుకి తగులుతుంది, అదీ అన్నిటికంటే చిన్న పళ్ళ చక్రం మీద ఉన్నప్పుడే. కాబట్టి బిగించాక గేరు చివరిదాకా మార్చి పెడల్ తిప్పి చూడండి. కొన ఫ్రేము లోపలి అంచుకి సమానంగా ఆగాలి, ఎక్కువైతే బయట ఒక వాషర్ కలపండి.

గేర్లు లేని సైకిల్ అయితే చాలావాటిలో చక్రం వెనక్కి జరిగి బయటికొస్తుంది, పంక్చర్ అయినప్పుడు టైరు వెళ్ళి మడ్‌గార్డుకి తగులుతుంది. అక్కడ వెనక వైపు సందు కొంచెం ఎక్కువ వదలండి, లేదా కడ్డీ బోల్టులు విప్పే అలెన్ కీ బ్యాగులో ఉంచుకోండి.

6. ముందుది, ఇక్కడ అశ్రద్ధ వద్దు

పొడవు భాగం వెనక్కి, పొట్టి భాగం ముందుకి. చెప్పక్కర్లేదు గానీ, తిరగేసి బిగించినవి నేను మూడు చూశా.

ఫోర్క్ చిల్లులోంచి బోల్టు ముందు నుంచి వెనక్కి వస్తుంది, మడ్‌గార్డు పట్టీ ఫోర్క్ వెనక్కి, దాని మీద వాషర్, నైలాక్ నట్టు. మరీ పొట్టి బోల్టు వద్దు, నట్టులోని నైలాన్ దాటి కనీసం ఒక మర బయటికి కనపడాలి.

కడ్డీలు ఫోర్క్‌కి కట్టే చోట కొన్ని సెట్లలో ప్లాస్టిక్ క్లిప్పులు ఇస్తారు, గట్టిగా లాగితే ఊడొచ్చే రకం. అవి నాసిరకం అనుకుని తీసి పారేసి నేరుగా బోల్టు బిగించేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయకండి. దారిలో పుల్లో రాయో టైరుతో పాటు పైకి లేచి మడ్‌గార్డులో ఇరుక్కుంటే, కడ్డీలు గట్టిగా పట్టుకుని ఉంటే మడ్‌గార్డు ముడుచుకుని ఫోర్క్ కిందికి చుట్టుకుపోతుంది, ముందు చక్రం టక్కున ఆగిపోతుంది, మీరు హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతారు. ఆ క్లిప్పు అప్పుడు ఊడిపోవడానికే ఉంది. క్లిప్పులు రాని సెట్ అయితే ముందు చక్రానికి సందు ఇంకాస్త ఎక్కువ, 15 మి.మీ. దాకా వదలండి, నా సలహా అయితే అసలు క్లిప్పులున్న సెట్టే కొనండి.

డిస్క్ బ్రేకు ఉన్నవాళ్ళకి ఎడమ వైపు కడ్డీ వెళ్ళి క్యాలిపర్‌కి (డిస్క్‌ని నొక్కి ఆపే బ్రేకు భాగం) తగులుతుంది. రెండు దారులు: చిల్లు దగ్గర 10 లేదా 15 మి.మీ. స్పేసర్ (మధ్యలో చిల్లున్న చిన్న గొట్టం ముక్క) పెట్టి పొడవు బోల్టుతో కడ్డీని బయటికి జరపడం, లేదా కడ్డీని చేత్తో మెల్లగా వంచి క్యాలిపర్ చుట్టూ తిప్పడం. నేను రెండూ కలిపి చేశా. క్యాలిపర్ బోల్టులకే కడ్డీ కట్టే తెలివితేటలు వద్దు, అవి బ్రేకు కోసం.

చిల్లులే లేని ఫోర్క్ అయితే పైపు చుట్టూ వేసే రబ్బరు పూత క్లాంపులు దొరుకుతాయి, లోపల ట్యూబ్ ముక్క చుట్టి బిగించండి. కార్బన్ ఫోర్క్‌కి మాత్రం అవి కూడా వేయకండి, నొక్కుకుంటే ఫోర్కే పోతుంది.

7. లైన్లోకి తేవడం

అసలు పని ఇదే, బిగించడం పది నిమిషాలు, ఇది గంట. ఇంతవరకూ ఏ బోల్టూ పూర్తిగా బిగించలేదు కదా, మంచిది.

అట్ట ముక్కలు మడిచి 12 మి.మీ. మందంగా మూడు కట్టలు చేయండి. టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య ఒకటి ఫోర్క్ దగ్గర, ఒకటి ముందు కొన దగ్గర, ఒకటి కింద కొన దగ్గర పెట్టండి. ఇప్పుడు మడ్‌గార్డు వాటి మీద పడుకుని తనే గుండ్రంగా కూర్చుంటుంది. అప్పుడు కడ్డీలని మడ్‌గార్డుకి పట్టి ఉంచే క్లిప్పులు బిగించండి, తర్వాత పైది, చివరికి కింద ఇరుసు దగ్గరివి. అన్నీ ఒకేసారి కాదు, తలా కొంచెం, మళ్ళీ తలా కొంచెం. చక్రం తిప్పితే అట్టలు బయటికొచ్చేస్తాయి.

వెనక నిలబడి ఒక కన్ను మూసి చూడండి. టైరు సరిగ్గా మధ్యలో కనపడాలి. ఒక పక్కకి ఒరిగితే ఆ వైపు కడ్డీని క్లిప్పులో 2, 3 మి.మీ. జరపండి. పై పట్టీ వంకరగా ఉండి మొత్తం తిరిగిపోతే పట్టీని ఊడదీసి పానాతో కొద్దిగా వంచి మళ్ళీ పెట్టండి, మడ్‌గార్డుని మెలిపెట్టకండి.

పరీక్ష ఏంటంటే, ఏదో ఒక బోల్టు విప్పండి. మడ్‌గార్డు కదలకుండా అక్కడే ఉంటే బాగా వచ్చినట్టు. టప్పున ఎగిరి పక్కకి పోతే అక్కడ ఒత్తిడి ఉంది, వాషరో చెప్పు ముక్కో కావాలి. నాలుగు బోల్టులకీ ఇలా చేయండి, సోమరితనం వద్దు.

8. కడ్డీలు కోయడం

ఇవాళే కోయకండి. రెండు రోజులు అలాగే తిరగండి, కడ్డీ కొనలకి గుడ్డ చుట్టుకుని అయినా సరే. నేను మొదటిసారి అదే సాయంత్రం నీట్‌గా కోసేశా, తర్వాత 32 టైరు తీసి 38 వేస్తే కడ్డీ పొట్టిదైపోయి నాలుగు కడ్డీలూ కొత్తవి వెతుక్కోవాల్సి వచ్చింది.

కోసేటప్పుడు క్లిప్పు దాటి ఒక 5 మి.మీ. వదిలి గుర్తు పెట్టి, కడ్డీని ఊడదీసి, విడిగా కోయండి. సైకిల్ మీదే కోస్తే అదురుకి అంతా కదిలిపోతుంది. ఆకురాయితో అంచు నున్నగా చేసి ప్లాస్టిక్ మూత పెట్టండి. మూత లేని కడ్డీ కొన పిక్కని కోస్తుంది, పార్కింగ్‌లో పక్కవాళ్ళ పిక్కని కూడా.

9. ఫ్లాప్

ముందు మడ్‌గార్డు ఎంత పొడవున్నా కింద ఫ్లాప్ లేకపోతే బూట్లు తడుస్తాయి, చైనుకి ఇసుక కొడుతుంది. డబ్బాలో వచ్చే ఫ్లాప్ బొటనవేలంత ఉంటుంది. ఐదు లీటర్ల నూనె క్యాను పక్క గోడ కోసి, కింద వెడల్పుగా పైన సన్నగా ఆకారం ఇచ్చి, పొట్టి ఎం5 బోల్టులు రెండు వేయండి, తలలు టైరు వైపు, నట్లు బయటికి. నేలకి 8 నుంచి 10 సెం.మీ. ఎత్తులో ఆగితే చాలు. ఇంకా కిందికి దించితే స్పీడ్ బ్రేకర్‌కీ ఫుట్‌పాత్ అంచుకీ తగిలి మొత్తం మడ్‌గార్డుని లాగేస్తుంది, అందుకే మెత్తగా మడిచే మందంలోనే ఉండాలి, రేకు వద్దు.

వెనక ఫ్లాప్ మీకోసం కాదు, మీ వెనకొచ్చేవాళ్ళ మొహం కోసం. గ్రూపుగా తిరిగేవాళ్ళయితే వేసుకోండి.

10. రోడ్డెక్కే ముందు చెక్‌లిస్ట్

- రెండు చక్రాలూ తిప్పితే శబ్దం లేదు
- సైకిల్‌ని అరచేయంత ఎత్తు నుంచి నేల మీద వదిలితే టక్ అనేది టైరు మాత్రమే
- హ్యాండిల్ చివరిదాకా రెండు వైపులా తిప్పితే కేబుళ్ళు మడ్‌గార్డుని లాగట్లేదు
- పెడల్ ముందుకి పెట్టి హ్యాండిల్ తిప్పితే బూటు కొన మడ్‌గార్డుకి ఎక్కడ తగులుతుందో మీకు తెలుసు
- వెనక అన్నిటికంటే చిన్న పళ్ళ చక్రం మీద ఉన్నప్పుడు చైను బోల్టుకి తగలట్లేదు
- బ్రేకులు నొక్కితే కడ్డీ దేన్నీ ఆపట్లేదు
- సైడ్ స్టాండ్ పైకి కిందికి ఆడుతోంది

బూటు తగలడం గురించి: నెమ్మదిగా యూ-టర్న్ తీసుకునేటప్పుడు మాత్రమే ఇది జరుగుతుంది, మామూలు మలుపులో హ్యాండిల్ అంత తిరగదు. కొంచెం తగిలితే అలవాటైపోతుంది, ఎక్కువ తగిలితే ముందు కడ్డీలు లోపలికి జరిపి సందు తగ్గించండి, 10 మి.మీ. కంటే తక్కువకి మాత్రం పోవద్దు.

మొదట ఇంటి చుట్టూ రెండు కిలోమీటర్లు తిరిగి అన్ని బోల్టులూ మళ్ళీ చూడండి. 100 కిలోమీటర్లకి ఇంకోసారి. ఎం5 బోల్టుకి 4, 5 న్యూటన్ మీటర్లు చాలు, బిగువు కొలిచే టార్క్ కీ లేకపోతే పొట్టి అలెన్ కీని రెండు వేళ్ళతో తిప్పినంత బిగువు.

11. తర్వాత వచ్చే తలనొప్పులు

బోల్టు మాటిమాటికీ వదులవుతోంది: బయట నట్టు పెట్టే వీలుంటే నైలాక్ నట్టు. లేకపోతే గ్రీజు పూర్తిగా తుడిచి, నీలం రంగు మర జిగురు (థ్రెడ్‌లాకర్) ఒక చుక్క. గ్రీజూ జిగురూ రెండూ కలిపితే ఏదీ పనిచేయదు.

టకటక ఎక్కడిదో తెలియట్లేదు: సైకిల్ మీద కూర్చోకుండా పక్కన నిలబడి పిడికిలితో ఒక్కో కడ్డీ మీద మెల్లగా కొట్టండి. అనుమానం వచ్చిన చోట వేలితో నొక్కి మళ్ళీ కొట్టండి. ఎక్కువసార్లు అది మడ్‌గార్డు కూడా కాదు, వదులైన లైటు క్లిప్పో బాటిల్ స్టాండో అయి ఉంటుంది.

పగులు మొదలైంది: పగులు ఎక్కడ ఆగిందో అక్కడ 3 మి.మీ. చిల్లు వేయండి, ఇంకా పాకదు. దాని మీద లోపలి వైపు నూనె క్యాను ముక్క పెట్టి రెండు బోల్టులు. ఈ సీజన్ గడిచిపోతుంది. కానీ ఎందుకు పగిలిందో చూడకపోతే కొత్తదీ అక్కడే పగులుతుంది, 7లో చెప్పిన పరీక్ష చేయండి.

బురద పట్టేసి చక్రం తిరగట్లేదు: తారు రోడ్డు బురదకి ఇలా కాదు, నల్లరేగడి దారిలో మాత్రం తప్పదు. ఆదిలాబాద్, కర్నూలు, గుంటూరు వైపు పొలం గట్ల మీదుగా పోయేవాళ్ళకి 12 మి.మీ. సందు పది నిమిషాల్లో నిండిపోతుంది, 20 వదిలినా అంతంతే. అలాంటి దారి రోజూ ఉంటే వానాకాలం మొత్తం ఫుల్ మడ్‌గార్డు ఊడదీసి, సీటు కింద కట్టే పొట్టిదానితో నెట్టుకురండి. అప్పుడప్పుడూ అయితే బ్యాగులో ఒక పాత స్కేలు పెట్టుకోండి, సందులోంచి బురద గోకడానికి దాన్ని మించింది నాకింతవరకూ దొరకలేదు.